ఒడి నిండా ఇనుపరాళ్ళు

మొన్న ఆదివారం జగదల్‌పూర్‌లో మా మనవరాలు నన్ను సినిమాకి తీసుకెళ్ళింది. పెద్ద డైరెక్టరు, పెద్ద హీరో. వాళ్ళ పాత సినిమాలు నాకు మాటమాటా వచ్చు. అందుకని ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మరీ బయల్దేరాను. తీరా చూస్తే జనం ఇంటర్వెల్ దాకా కూడా ఓపిక పట్టలేదు. ఒకడు గట్టిగా ఆవులించాడు. ఇంకొకడు తెరకేసి ఫోను లైటు కొట్టాడు. వెనక వరసలో కుర్రాళ్ళు పాప్‌కార్న్ విసరడం మొదలుపెట్టారు. తెర మీద ఆ మహానుభావుడు కుమిలి కుమిలి ఏడుస్తుంటే హాలంతా ఒకటే నవ్వు.

సినిమా అయ్యి లైట్లు వేశాక చూసుకుంటే మా పిల్ల తాగేసిన కూల్‌డ్రింకు సీసా నా ఒళ్ళో ఉంది. దాని పక్కనే ముక్కూ మొహం తెలియని కుర్రాడి పాప్‌కార్న్ డబ్బా కూడా ఉంది. ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలీదు.

"అమ్మమ్మా, వాడి డబ్బా ఎందుకు లాక్కున్నావ్? పాపం, నిన్నెలా చూస్తున్నాడో తెలుసా?" అంది మా పిల్ల.

ఆటోలో చెబుదామంటే ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, టీ పెట్టుకుని, అప్పుడు మొదలుపెట్టాను.

మేం బైలడిల్లా కొండల కింద కిరండూల్‌లో, కంపెనీ క్వార్టర్లలో పెరిగాం. కొండ మీద ఇనుము తవ్వేవాళ్ళు. ఆ ఎర్రదుమ్ము మా బట్టల్లో, కంచాల్లో, చెవుల్లో కూడా ఉండేది. తెల్లచొక్కా అనేది మా ఊళ్ళో కొన్నరోజు మాత్రమే తెల్లచొక్కా. నాన్న గనిలో డంపర్ నడిపేవాడు. బళ్ళో హిందీ, సంతలో హల్బీ, నీళ్ళ కుళాయి దగ్గర సగం గోండీ, ఇంట్లో తెలుగు. పిల్లలం మేం ఒక భాషలో మొదలుపెట్టిన తిట్టు ఇంకో భాషలో పూర్తి చేసేవాళ్ళం.

అమ్మకి మాత్రం ఒక్కటే వచ్చు. విజయనగరం దగ్గర పల్లె నించి పెళ్ళయి నేరుగా ఈ కొండల కిందికి వచ్చి పడింది. సంతలో వేళ్ళు చూపించి కూరలు కొనేది. ఎవరేమడిగినా తలూపి "అచ్ఛా" అనేది. సరే అన్నా, బాగుంది అన్నా, ఆమెకి వచ్చిన హిందీ అంతా ఆ ఒక్క మాటే. నాన్న డ్యూటీకి, నేను బడికి వెళ్ళాక పొద్దుగూకేదాకా ఆమెతో మాట్లాడే దిక్కు లేదు. పక్క లైన్లో గోదావరి వైపు నించి వచ్చిన గోదావరి అత్తయ్య ఉండేది కానీ, ఆవిడకి నలుగురు పిల్లలు, ఊపిరాడేది కాదు.

అందుకే నెలకోసారి క్లబ్బు గ్రౌండులో వేసే తెలుగు సినిమా అంటే అమ్మకి ప్రాణం. ఆ సాయంత్రం ఆమె చుట్టూ ఊరంత తెలుగు ఉండేది. తెర మీద తెలుగు, తెర ముందు తెలుగు, వేరుసెనక్కాయల దగ్గర బేరం కూడా తెలుగు. ముందు వారం నించే జంతికలకి పిండి పట్టించేది. ఆ రోజు మధ్యాహ్నం పులిహోర కలుపుతుంటే ఇంగువ వాసన మా లైను చివరిదాకా వెళ్ళేది. సినిమా అయిన మర్నాటి నించి మళ్ళీ సినిమా దాకా అందులో మాటలే చెప్పుకుని తిరిగేది. ఆ ఒక్క సాయంత్రం లేకపోతే ఈపాటికి పుట్టింటికి పోయి ఉండేదాన్నని ఓసారి అత్తయ్యతో అంటుంటే విన్నాను. నవ్వుతూనే అంది, కానీ నాకు భయం వేసింది.

క్లబ్బు గ్రౌండులో కుర్చీలు ఆఫీసర్లకి. మాకు చాపలు. మధ్యాహ్నమే పిల్లలం వెళ్ళి చోటు పట్టుకోవాలి. పొద్దు వాలగానే కొండ మీద నించి గాలి దిగేది, చాపల్ని ఎత్తి అవతల పారేసేది. అందుకని చాపకి నాలుగు మూలలా రాళ్ళు పెట్టేవాళ్ళం. మా ఊళ్ళో రాయి అంటే ఉత్త రాయి కాదు, ఇనుము. నిమ్మకాయంత ఉన్నా చెయ్యి కిందికి లాగేది. ఏ చాప రాళ్ళు ఎవరివో మాకు తెలుసు. గోదావరి అత్తయ్య చాపని మేం ప్రతిసారీ ఒక జానెడు పక్కకి జరిపేవాళ్ళం, ఆవిడ జడలో పూలదండ మాకు అడ్డొస్తుందని. ఆవిడ వచ్చి చాపకేసి, మాకేసి అనుమానంగా చూసి, "భూమి కదులుతోందేంటే ఈ ఊళ్ళో?" అనేది.

ఆ రాళ్ళే మా కొంప ముంచబోయాయి. ఓ నెల వేసిన సినిమా బాగాలేదు. ఎవరో కుర్రాడు కోపంలో చాప మూలనున్న రాయి తీసి తెర మీదికి విసిరాడు. తెర నిలువునా చిరిగింది. క్లబ్బు చూసుకునే సాబ్ ఉత్తరాది మనిషి, మీసం కూడా గీత గీసినట్టు ఉండేది. తెలుగు సినిమాలు ఆపేస్తానన్నాడు. నాన్న, ఇంకొందరు వెళ్ళి బతిమాలారు. అమ్మ, అత్తయ్య కలిసి ఆ తెరని దబ్బనంతో కుట్టారు. అప్పట్నించి ఏ హీరో వచ్చినా అతని మొహం మీద అమ్మ కుట్టు కనపడేది.

"ఏక్ భీ పత్థర్ చలా, తో తెలుగు పిక్చర్ బంద్. హమేషా కే లియే," అన్నాడు సాబ్. ఒక్క రాయి పడినా ఇక ఎప్పటికీ తెలుగు సినిమా ఉండదన్నమాట.

"పూచీ నాది సాబ్," అన్నాడు నాన్న. ఆ మాట అమ్మ మొహం గుర్తొచ్చి అని ఉంటాడని నాకనిపిస్తుంది.

పూచీ పడ్డాడు కనుక ఆ తర్వాతి సినిమా ఎంచే పనీ నాన్న మీదే పడింది. ఆయన తడుముకోలేదు. మా వాళ్ళు దేవుడిలా చూసుకునే డైరెక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన సినిమాలో ఇల్లాలు దీపం వెలిగిస్తే మా అమ్మ కళ్ళు తుడుచుకునేది. ఆయన కొత్త సినిమా తీశాడు, అందులో హీరో అందరికీ ఇష్టమైన మనిషి. విశాఖలో సినిమా రీళ్ళ డబ్బాలు పంపేవాళ్ళకి కబురు పెడితే వెంటనే పంపుతామన్నారు. ఏ సినిమా అయినా మా దాకా రావడానికి ఏడాది పట్టేది, వచ్చేసరికి తెర నిండా వాన కురిసినట్టు గీతలుండేవి. అలాంటిది కొత్త డబ్బా, అడగ్గానే! మా టౌన్‌షిప్పుకి ఎంత మర్యాద పెరిగిందో అని అందరూ మురిసిపోయారు. ఇంత తొందరగా ఎందుకిస్తున్నారని ఒక్కరూ అడగలేదు. అడవి మధ్యన ఉన్నవాళ్ళం, మాకు పేపరు కూడా పాసిపోయాకే వచ్చేది.

డబ్బా పాసింజరు బండిలో వచ్చింది. నాన్నతో నేనూ స్టేషనుకి వెళ్ళాను. బండి గార్డు మన మనిషే. డబ్బా దింపిస్తూ నవ్వాడు.

"ఏవండీ, ఏరి కోరి దీన్నే తెప్పించుకున్నారా? విశాఖలో వారం తిరక్కుండా ఎత్తేశారు కదా. కుర్చీలు చింపారంట!"

నాన్న చేతిలో డబ్బా ఒక పక్కకి ఒరిగింది. దారిలో సంత దగ్గర ఎర్రచీమల పచ్చడి అమ్మే గోండు ముసలమ్మ దొప్ప చూపించి పిలిచింది. ఎప్పుడూ నేను మారాం చేస్తే గానీ కొనిపెట్టనివాడు, ఆ రోజు అడక్కుండానే కొనిచ్చాడు. నాలిక చుర్రుమంది. ఆ పులుపు తగిలితే ఇప్పటికీ ఆ ప్లాట్‌ఫారమే గుర్తొస్తుంది.

"మీ అమ్మకి సెప్పకు," అన్నాడు.

"ఆపేయొచ్చుగా నాన్నా?"

"ఊరంతా సెప్పేసినాం. ఇప్పుడు ఆపితే సాబ్ ఏటంటాడు? మీకు సినిమా ఒద్దన్నమాట, అంటాడు."

"చాపల మీద రాళ్ళు తీయించెయ్యి మరి."

నాన్న నాకేసి చూశాడు. "తీయమంటే ఎందుకంటారు. బొమ్మ బాగులేదని నా నోటితో నేనే సెప్పినట్టు కాదేటి? ఊరికే ఉన్నోడికి కూడా రాయి గుర్తొస్తాది."

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఇంగువ వాసన నిండింది. నాన్న కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయాడు. అమ్మ ఆ కంచంకేసి చూసింది, నాకేసి చూసింది. నేను జంతిక నోట్లో కుక్కుకున్నాను, మాట బయటికి రాకుండా.

గ్రౌండుకి వెళ్ళేసరికి చాపలన్నీ పరిచి ఉన్నాయి. మూలమూలా నల్లటి రాళ్ళు. ఎప్పుడూ చూసేవే, ఆ రోజు మాత్రం నాకు ఇంకేమీ కనపడలేదు. మా పక్క చాప డ్రిల్లు బాబాయిది. గనిలో డ్రిల్లు నడిపేవాడు కనుక ఆ పేరు. భద్రాచలం వైపు మనిషి, పెళ్ళి కాలేదు, ఆ హీరో అంటే పిచ్చి. కొత్త చొక్కా వేసుకుని, జేబులో చిల్లరంతా తెర మీదికి విసరడానికి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"వదినె, చూడు. ఇయ్యాల మన బొమ్మ అదిరిపోవాలె," అన్నాడు.

"అదురుతాదిలే తమ్ముడూ," అంది అమ్మ, పులిహోర పొట్లం అందిస్తూ.

నాన్న మా దగ్గర కూర్చోలేదు. వెనక, సినిమా వేసే మిషను పక్కన నిలబడ్డాడు. గేటు దగ్గర సాబ్ కుర్చీ వేయించుకుని వాచ్‌మన్‌తో సహా కూర్చున్నాడు. కంచె అవతల ఏటవాలు మీద చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, ఎప్పటిలాగే, ఉచితంగా చూడ్డానికి చేరారు.

సినిమా మొదలైంది. డైరెక్టరు పేరు పడగానే చప్పట్లు, హీరో పేరుకి ఈలలు. బాబాయి చిల్లర విసిరేశాడు. తర్వాత హీరో వచ్చాడు. నెత్తిన విగ్గు, పొట్ట బెల్టు మీదికి దిగి ఉంది, చేతిలో పుస్తకాలు. కాలేజీ కుర్రాడట! ఎవరో చిన్నగా దగ్గారు. పోనీలే అనుకున్నారు. కథేమిటంటే ఉరుము వినపడితే అతనికి జ్ఞాపకం పోతుంది. ఉరిమినప్పుడల్లా భార్యని మర్చిపోతాడు, ఇంకో అమ్మాయితో పాట పాడతాడు. దీపాలు వెలిగించిన ఆ డైరెక్టరేనా ఇది తీసింది అని మా అత్తయ్య కళ్ళు నులుముకుని చూసింది.

"మన గని బ్లాస్టింగుకి తీస్కొస్తే రోజూ రెండు పూటలా మర్చిపోతాడు!" అని వెనక నించి ఒక గొంతు.

నవ్వు లేచింది. ఆ నవ్వు మంచిది కాదు. దాని వెనకే చప్పట్లు, పిల్లి కూతలు. నాన్న మిషను దగ్గర నించి రెండడుగులు ముందుకి వేసి ఆగిపోయాడు. ఏం చెయ్యగలడు? కంచె అవతల పల్లె వాళ్ళు ఒకరొకరే లేచి, టార్చిలు వేసుకుని, చప్పుడు లేకుండా కొండ దారి పట్టారు. నచ్చకపోతే లేచి వెళ్ళిపోవడం వాళ్ళకి తెలుసు. ఆ విద్య మాకే లేదు. మేం నమ్ముకుని వచ్చినవాళ్ళం, మోసపోయామనుకున్నవాళ్ళం.

మళ్ళీ ఉరిమింది తెర మీద. హీరో గుండె మీద చెయ్యి పెట్టుకుని ఇంకో అమ్మాయికేసి అడుగులేస్తున్నాడు. అప్పుడు చూశాను. ముందు వరసలో ఒక చాప మూల రాయి లేదు. దాని పక్క చాప మూల కూడా ఖాళీ. మా పక్కన డ్రిల్లు బాబాయి ఒంగి తన రాయి చేతిలోకి తీసుకున్నాడు. అతను నవ్వడం లేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"గిట్ల చేస్తడా మా హీరోని? గింత పెద్ద డైరెక్టరు... గిట్ల నవ్వులపాలు చేస్తడా?" అని తనలో తను అంటున్నాడు. మోకాళ్ళ మీద లేచాడు. చెయ్యి వెనక్కి వెళ్ళింది.

గేటు దగ్గర సాబ్ కుర్చీలోంచి లేచాడు.

"తమ్ముడూ," అంది అమ్మ, చాలా మామూలుగా, కూరలో ఉప్పు అడిగినట్టు. "ఆ రాయి ఇలాగియ్యి. మా సాప ఎగిరిపోతంది."

బాబాయి ఆమెకేసి చూశాడు. మా చాప ఎగరడం లేదు. నాలుగు రాళ్ళూ నాలుగు మూలలా ఉన్నాయి. అది ఇద్దరికీ తెలుసు. అమ్మ చెయ్యి చాపి అలాగే ఉంది. ఎంతసేపో. గాలికి తెర కుట్టు దగ్గర టపటపా కొట్టుకుంటోంది.

"వదినె, నువ్వు చూస్తలేవా? ఏందిది?"

"సూస్తన్నాను. బాగులేదు. నాకేటి తెలీదా? ఇలాగియ్యి బాబూ, నీకు దణ్ణం పెడతాను. వచ్చే నెల నాకు బొమ్మ కావాల."

ఆ ఆఖరి మాట అంటూ చెయ్యి ఇంకాస్త ముందుకి చాపింది.

బాబాయి రాయి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి, మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. అమ్మ రాయి ఒళ్ళో వేసుకుంది. మా చాప రాళ్ళు కూడా తీసి ఒళ్ళో వేసుకుంది. నాతో, "గుంటా, మూల మీద కూకో," అని, ఒడి పట్టుకుని లేచి వంగుతూ ముందు చాప దగ్గరికి వెళ్ళింది. అక్కడ రాయి పట్టుకున్న కుర్రాడి చెయ్యి పట్టుకుని, ఏమందో, అతనూ ఇచ్చేశాడు. చెంగులో వేసుకుంది. అత్తయ్య చాప దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ వదినగారూ, అదేంటండీ, మా చాప కొట్టుకుపోతుందండీ!"

అమ్మ ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. అత్తయ్య గేటుకేసి చూసింది, సాబ్‌ని చూసింది, ఒక్క ఉదుటున లేచింది. "ఏవే పిల్లలూ, మూలల మీద బోర్లా పడుకోండి! మీ బరువు చాలు!" అని, పూలదండతో సహా వంగి తన వరసంతా ఏరడం మొదలుపెట్టింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ, ఆమెని చూసి మరొకావిడ. ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పలేదు. మొగుళ్ళ చేతుల్లోంచి, కొడుకుల చేతుల్లోంచి, చాపల మూలల్లోంచి రాళ్ళు తీసి చెంగుల్లో నింపుకుంటున్నారు. ఇంటర్వెల్ లైట్లు వేసేసరికి గ్రౌండులో మగవాళ్ళందరి చేతులూ ఖాళీ. ఆడవాళ్ళందరి ఒళ్ళూ బరువు.

ఒక్కరూ లేవలేదు. వేరుసెనక్కాయలవాడు బుట్ట పట్టుకుని తెల్లబోయి నిలబడ్డాడు.

రెండో సగం మరీ ఘోరంగా ఉందని అత్తయ్య తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. మధ్యలో ఒకరిద్దరు అరవబోయారు. "ష్! నోర్ముయ్యండ్రా! ఎన్ని మంచి బొమ్మలు తీసినాయన, ఒక్కటి పోయిందని ఇంత అల్లరా!" అని ఆవిడే గదిమింది. గాలి పెద్దదైంది. నేను చాప మూల గట్టిగా పట్టుకుని బోర్లా పడుకున్నాను. అటు చూస్తే అమ్మ. వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఉంది. చీర ఒడి కిందికి జారిపోతుంటే రెండు చేతులా పట్టుకుంది. వేడి గిన్నె కింద పెట్టడానికి చోటు దొరకనిదాని మొహంలా ఉంది ఆమె మొహం.

శుభం పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఈల వెయ్యలేదు. ఊరంత జనం లేచి చాపలు చుట్టుకుంటుంటే ఆ చప్పుడే వినపడింది. ఆడవాళ్ళు వరసగా గేటు దగ్గరికి నడిచి, ఒకరి తర్వాత ఒకరు సాబ్ కుర్చీ పక్కన చెంగు విప్పి రాళ్ళు వదిలారు. చీరల నిండా ఎర్రటి మరకలు. సాబ్ ఆ కుప్ప చూశాడు, తెర చూశాడు. తెర మీద పాత కుట్టు తప్ప ఇంకేమీ లేదు.

"పిక్చర్ కైసీ థీ?" అని అమ్మని అడిగాడు, సినిమా ఎలా ఉందని, ఏమనాలో తెలీక కాబోలు.

అమ్మ తలూపింది. "అచ్ఛా," అంది.

రోడ్డెక్కేదాకా అందరూ ఆపుకున్నారు. మలుపు తిరగ్గానే ముందు డ్రిల్లు బాబాయి పగలబడ్డాడు. "అచ్ఛా అంట! వదినె అచ్ఛా అన్నది!" ఇక ఆగలేదు. లైన్ల దాకా నవ్వుకుంటూ, తిట్టుకుంటూ, ఆ విగ్గుని అనుకరిస్తూ నడిచాం. నాన్న మాత్రం నవ్వలేదు. అమ్మ పక్కన నడుస్తూ, ఆమె చేతిలో చాప తీసుకున్నాడు.

"నీకు ముందే తెలుసేటి?" అన్నాడు.

"పులిహోర వదిలేసి లేచినప్పుడే తెలిసింది," అంది అమ్మ.

తర్వాత తెలుగు సినిమా ఏళ్ళ తరబడి ఆడింది. మంచివీ ఆడాయి, చెత్తవీ ఆడాయి. తర్వాత ఇళ్ళల్లోకి టీవీలు వచ్చాయి, మిద్దెల మీద డిష్ గొడుగులు లేచాయి. ఒక నెల గ్రౌండులో పది చాపలు కూడా పడలేదు. ఆ పై నెల మిషను తియ్యనేలేదు. ఎవరూ రాయి వెయ్యలేదు. ఎవరూ రాలేదు, అంతే. అన్నేళ్ళు కాపాడుకున్నది చడీ చప్పుడు లేకుండా పోయింది, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆపే మార్గం అమ్మకి కూడా దొరకలేదు. ఆ నెల అమ్మ జంతికలు చేసింది. ఎవరికీ పెట్టకుండా డబ్బాలోనే ఉంచేసింది.

మా పిల్ల టీ చల్లారబెట్టుకుని వింటూ కూర్చుంది. ఫోను ఎప్పుడు బోర్లా పెట్టిందో చూడలేదు.

"ఇంతకీ చివరికి అతనికి జ్ఞాపకం తిరిగొచ్చిందా అమ్మమ్మా?" అంది.

ఆలోచించాను. ఎంత తవ్వినా ఒక్క బొమ్మా రాలేదు. రెండో సగమంతా నేను అమ్మకేసే చూస్తూ పడుకున్నాను.

"ఏమోనే," అన్నాను. "నేను చూడలేదు."